మా గిటార్ డబ్బాకు ఎండదెబ్బ!

తెర మీద హీరో గిటార్ తీగ మీటగానే హాలంతా గర్రుమని దద్దరిల్లుతుంది. బాల్కనీ నుంచి ఈలలు, నేల క్లాసు నుంచి కాగితం ముక్కలు! ఆ గర్జన ఎక్కణ్ణుంచి వస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? గిటార్‌లోంచే అనుకుంటే మీరూ ఒకప్పటి నాలాగే పొరబడ్డారన్నమాట. గిటార్ పాపం సాధుజంతువు. ఆ గర్జనంతా వాయించేవాడి కాళ్ల దగ్గర పడి ఉండే ఓ చిన్న డబ్బాది. దాన్ని పెడల్ అంటారు. కాలితో నొక్కితే గొంతు చించుకుంటుంది, మళ్లీ నొక్కితే ఊరుకుంటుంది.

అలాంటి డబ్బా ఒకటి నా చేతులతో నేనే తయారుచేశాను. దాని పుణ్యమా అని ప్రాణస్నేహితుణ్ణి పద్నాలుగేళ్లు పోగొట్టుకున్నాను. ఆ ముచ్చటే ఇది.

మాది రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ పోయే రోడ్డు మీద, పెద్ద చెరువున్న ఊరు. 1999లో ‘తమ్ముడు’ విడుదలైనప్పుడు నాకు పదేళ్లు. రమణ గోగుల పాటల్లో గిటార్ విన్న రోజు నుంచి నాకూ, మా పక్క వీధి దోస్తుకూ అదే పిచ్చి. వాడికి వాయించాలని పిచ్చి. నాకేమో ఆ శబ్దం ఎట్లా పుడుతుందో విప్పి చూడాలని పిచ్చి. వాడు ఎలాగోలా ఓ సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాడు. నేను బీయస్సీ ఎలక్ట్రానిక్స్‌లో చేరాను. ఇక చూస్కోండి!

ఇంతకీ ఈ గర్జన పుట్టుకే ఒక ప్రమాదం. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట ఒకటి అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుంటే స్టూడియో మిక్సర్‌లో ఏదో చెడిపోయింది. గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న గిటార్ బొంగురుపోయి వినపడింది. బాగుందని అలాగే ఉంచేశారు! ఆ మరుసటేడే అదే శబ్దాన్ని డబ్బాలో పెట్టి ‘ఫజ్ టోన్’ అని అమ్మారు. 1964లో కింక్స్ బృందంలోని డేవ్ డేవీస్ అయితే స్పీకర్ అట్టని బ్లేడుతో కోసేసి వాయించాడు. 1965లో రోలింగ్ స్టోన్స్ వాళ్ల ‘శాటిస్‌ఫాక్షన్’ పాట మోగాక ఫజ్ డబ్బాలకు గిరాకీ మామూలుగా లేదు.

మన దేశంలోనూ తక్కువ తిన్నారా? 1971లో వచ్చిన ‘హరే రామ హరే కృష్ణ’కి ఆర్.డి. బర్మన్ చేసిన పాటల్లో గిటార్ ఎంత ఊపు ఊపిందో మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. అక్కడ గిటార్ పట్టిన భూపిందర్ సింగ్ తర్వాత గజల్ గాయకుడిగా పేరు తెచ్చుకున్నాడు. మన ఇళయరాజా 1976లో సంగీత దర్శకుడు కాకముందు ఇతరుల ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించినవాడే.

సరే, మా డబ్బా సంగతికొద్దాం. 1966లో లండన్‌లో పుట్టిన ‘ఫజ్ ఫేస్’ అనే పెడల్ ఉంది. జిమీ హెండ్రిక్స్ కాలికింద నలిగి ధన్యమైన డబ్బా అది. విప్పి చూస్తే లోపల ఏముంటుందనుకున్నారు? రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు వాల్యూం కంట్రోళ్లు. అంతే! గిటార్ నుంచి వచ్చే కరెంటు వోల్టులో పదో వంతు కూడా ఉంటుందో ఉండదో. ట్రాన్సిస్టర్లు దాన్ని పెంచి పెంచి బ్యాటరీ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ అడుగుతాయి. లేనిది ఎక్కణ్ణుంచి తెస్తుంది బ్యాటరీ? అలల తలలు తెగిపోతాయి. తల తెగిన ఆ అలే మీరు విని ఈల వేసే గర్జన.

మిగతా సామానంతా కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది. బస్సెక్కి తుర్కయంజాల్, బి.ఎన్. రెడ్డి నగర్, ఎల్బీనగర్ దాటుకుంటూ పోయి, జేబులో బస్సు చార్జీ మాత్రం మిగుల్చుకుని కొన్నాను. కాని ఆ పాత పెడల్‌లో ఉండేవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. ఇప్పటివన్నీ సిలికాన్. చివరికి మా ఊళ్లోనే ఓ ముసలి రేడియో మెకానిక్ దగ్గర దొరికాయి. ఆయన చచ్చిపోయిన రేడియో ఒకటి విప్పి, రెండు ఏసీ 128లు ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

“వేడి తగలనియ్యకు బేటా. ఇవి బహుత్ నఖ్రాలు జేస్తయి” అన్నాడు.

నేను మహా తెలివిగా తలూపాను. సాల్డరింగ్ పెట్టేటప్పుడు కాళ్లని కటింగ్ ప్లేయర్‌తో పట్టుకున్నాను, వేడి లోపలికి పోకుండా. పెద్దాయన మాట పాటించానని సంబరపడ్డాను కూడా.

మొదటిసారి ఆన్ చేస్తే... నిశ్శబ్దం! ఆ ఏసీ 128లు పీఎన్పీ రకం, బ్యాటరీ తిరగేసి కలపాలి. నేను మామూలుగా కలిపాను. సరిచేస్తే పలికింది గాని, గిటార్‌తో పాటు గుయ్‌మని కరెంటు మోత. అమ్మ టిఫిన్ డబ్బా ఒకటి కొట్టేసి, బోర్డు అందులో బిగించి, డబ్బా ఒంటికి ఎర్తు వైరు కలిపాక ఆ మోత ఆగింది. తెల్లారి చూస్తే బ్యాటరీ ఖాళీ! గిటార్ వైరు డబ్బాకి గుచ్చి ఉంచితే స్విచ్ ఆన్‌లో ఉన్నట్టేనని అప్పుడు తెలిసింది. ఇట్లా ఒక్కో తప్పూ ఒక్కో రాత్రి తిన్నది. జనవరి చలిలో, రాత్రి పదకొండింటికి, దోస్తు తీగ మీటితే మా పెంకుటిల్లు సినిమా హాలైపోయింది. స్టైలుగా ఉంటుందని డబ్బాకి నల్లరంగు వేశాను.

2010 ఏప్రిల్. మా కాలేజీ వార్షికోత్సవం. సినిమా పాటలకి కీబోర్డు వాయించే ఒకాయన అతిథిగా వచ్చాడు. “కుర్రాడు బాగా వాయిస్తాడంటగా, విందాం. పనికొస్తే మా దగ్గరకి తీసుకురండి” అని ముందే అన్నాడు. మావాడికి వారం రోజులుగా నిద్ర లేదు. మధ్యాహ్నం మూడింటికి ప్రోగ్రాం. షామియానా నీడ వెనక్కి జరిగిపోయి స్టేజీ ముందు భాగమంతా ఎండ. ఆ ఎండలో, మైకు స్టాండు పక్కన, గంట నుంచీ నా నల్లడబ్బా.

మావాడు పెడల్ నొక్కాడు. గర్జన రాలేదు. గొంతులో ముద్ద అడ్డుపడ్డట్టు గుర్... గుర్... స్వరం మొదలవగానే చచ్చిపోతోంది. వాడు నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను. రెండో చరణంలో వెనక బెంచీల నుంచి అరుపులు. అతిథి వాచీ చూసుకున్నాడు. పాట అయ్యాక ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.

స్టేజీ వెనక అందరూ నన్ను చుట్టుముట్టారు. “ఏమైంది?” అప్పుడు నేనన్న మాట ఇన్నేళ్లయినా నా చెవుల్లోనే ఉంది:

“డబ్బాది ఏం తప్పు లేదు. వాడి చెయ్యి వణికింది.”

వెనక్కి తిరిగితే వాడు నిలబడి ఉన్నాడు. విన్నాడు. గిటార్ సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆరు నెలల్లో ఆ గిటార్ అమ్మేశాడని తెలిసింది. మళ్లీ మాట్లాడుకోలేదు. ఎదురుపడితే అతను అటు, నేను ఇటు.

నేను జర్నలిజంలో పడ్డాను. సినిమా వాళ్ల గురించి రాసుకుంటూ బతుకుతున్నాను. 2023 డిసెంబరులో అటక సర్దుతుంటే ఆ నల్లడబ్బా కనపడింది. కొత్త బ్యాటరీ వేసి, రాత్రిపూట, అడిగి తెచ్చుకున్న గిటార్‌తో మీటాను. అబ్బ! అదే గర్జన! చూశారా, నా మనసు వెంటనే ఏమందో? “నేను ఆనాడే చెప్పాగా, డబ్బాలో తప్పు లేదని!” సిగ్గు లేకుండా సంతోషించాను కూడా.

2024 మే నెల. చేత్తో చేసుకునే పెడల్స్ మీద ఓ వ్యాసం రాద్దామని మళ్లీ తీశాను. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, ఫ్యాను లేదు, బ్యాటరీ ఆంప్లిఫయర్ పెట్టుకుని మీటాను. గుర్... గుర్... గొంతులో ముద్ద! పద్నాలుగేళ్ల కిందట స్టేజీ మీద విన్న అదే చప్పుడు. నా ఒళ్లు జలదరించింది. ఈసారి వాయిస్తున్న చెయ్యి నాది మరి!

రిపేరుకి ఒక పద్ధతుంది. ముందు బ్యాటరీ చూడాలి. తర్వాత జాకులు, వైర్లు. తర్వాత ఎక్కడెక్కడ ఎన్ని వోల్టులున్నాయో మీటరు పెట్టి రాసుకోవాలి. చివరగా ఒక వైరు కొసకి కెపాసిటర్ కట్టి ఆంప్లిఫయర్‌కి కలిపి, గిటార్ వచ్చే చోటు నుంచి ఒక్కో గడపా తొక్కుకుంటూ పోవాలి. శబ్దం ఏ గడప దగ్గర పాడైతే దొంగ అక్కడున్నట్టు. అన్నీ చేశాను. డ్రై సోల్డర్ ఉందేమోనని ప్రతి అతుకూ మళ్లీ కాల్చాను. మొదటి ట్రాన్సిస్టర్ దగ్గరే శబ్దం నలిగిపోతోంది. రెండో దాని కలెక్టర్ దగ్గర నాలుగున్నర వోల్టుల చుట్టుపక్కల ఉండాల్సిన మీటరు ముల్లు ఎటో జారిపోయింది. విసుగొచ్చి వదిలేశాను. రాత్రి పదింటికి ఊరికే మీటితే... బాగైపోయింది! ముల్లు దాని చోటికి అది వచ్చేసింది.

తనంతట తాను నయమయ్యే రోగం ఏమిటా అని ఆలోచిస్తూ ట్రాన్సిస్టర్ మీద వేలు పెట్టాను. పెట్టి పది లెక్కపెట్టేలోగా శబ్దం కొంచెం కొంచెం మారడం మొదలెట్టింది. నా వేలి వెచ్చదనానికే!

అప్పుడు వెలిగింది. “వేడి తగలనియ్యకు బేటా.” ముసలాయన చెప్పింది సాల్డరింగ్ ఐరన్ గురించి ఒక్కటే కాదు. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో కట్టేసి ఉన్నప్పుడు కూడా కొంత కరెంటు కారుతూనే ఉంటుంది. సుమారు పది డిగ్రీల వేడి పెరిగితే ఆ కారడం రెట్టింపవుతుంది. జనవరి రాత్రి నుంచి ఏప్రిల్ ఎండకి లెక్కేసుకోండి. అందులోనూ నల్లరంగు డబ్బా! లోపల పెనం కాలినట్టు కాలి ఉంటుంది. ఆ పాత పెడళ్లు చేసినవాళ్లే తర్వాత సిలికాన్‌కి మారడానికి ఈ నఖ్రాలు కూడా ఒక కారణం.

రుజువు కావాలిగా. మర్నాడు మధ్యాహ్నం గుర్‌గుర్‌మంటున్న డబ్బాని ఫ్రిజ్‌లో పెట్టాను. అమ్మ చూసి, “ఆ డబ్బాల పెరుగు పెట్టుకుందామని నేను పదిహేనేండ్ల సంది వెతుకుతున్న. ఇప్పుడు వైర్లు పెడతున్నవా?” అంది. పావుగంట తర్వాత తీసి మీటితే గర్జన!

తప్పు దొరికితే సంతోషించాలి. నాకు మాత్రం అన్నం సహించలేదు. రెండు రోజులు ఫోను చేతిలో పట్టుకుని తిరిగాను. వాడు ఆదిబట్లలో ఉద్యోగం చేస్తున్నాడని తెలుసు. చివరికి నంబరు సంపాదించి చేశాను. జెర్మేనియం, వేడి, నల్లరంగు, ఫ్రిజ్... అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను. “తప్పు నీది కాదురా. నాది. ఆ మాట అనకూడదు” అన్నాను.

అవతల చాలాసేపు చప్పుడు లేదు.

“పద్నాలుగేండ్లు బట్టిందారా, ఒక్క డబ్బా ఇప్పనీకి?” అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

“ఇంగో మాట చెప్తా ఇను. ఆ దినం నా చెయ్యి నిజంగనే వణికింది. శబ్దం రాకముందే వణికింది. గది నాకొక్కనికే ఎరుక. కాని నువ్వు అందరి ముంగట అన్నవు సూడు... గదిరా.”

ఆదివారం వచ్చాడు. పిల్లని కూడా వెంటబెట్టుకొచ్చాడు, ఎనిమిదేళ్లు. వేళ్లు మొద్దుబారాయని నవ్వుకుంటూ గిటార్ పట్టాడు. నేను సిలికాన్ బీసీ 108లతో ఇంకో డబ్బా చేసి పెట్టాను. ఎండలో పెట్టినా చలించదు గాని గొంతు కాస్త కటువు. రెండూ వాయించి చూసి, పాతదే బాగుందన్నాడు. పిల్ల మాత్రం రెండు చెవులూ మూసుకుని, “నానా, ఇది కరాబైందా?” అని అడిగింది. వాడూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకుని చాలా రోజుల తర్వాత పడీపడీ నవ్వాం.

మీలో ఎవరైనా ఇట్లాంటి డబ్బా చేయాలనుకుంటే నిరభ్యంతరంగా చేయండి. తొమ్మిది వోల్టుల బ్యాటరీ కనక షాకు కొట్టదు. మొదటిసారి పలకదు, గాభరా పడకండి. బ్యాటరీ నుంచి మొదలుపెట్టి ఒక్కో గడపా చూసుకుంటూ రండి. అంతా చూసేదాకా పక్కవాడి చేతి గురించి మాత్రం నోరెత్తకండి.

అన్నట్టు, పాత డబ్బాకి రంగు మార్పించాను. ఇప్పుడది తెల్లడబ్బా. ఎండాకాలంలో మా ఇంట్లో దాని చోటు ఫ్రిజ్ పైన కాదు... అమ్మ ఒప్పుకుంది కనక, ఫ్రిజ్‌లోనే, పెరుగు గిన్నె పక్కన!