‘సరిగా రావడం లేదు’ అంటే ఏమిటి?

ముప్పైయేళ్లకు పైబడిన ఉపాధ్యాయ వృత్తిలో నేను అన్నింటికన్నా ఎక్కువగా విన్న వాక్యం "అర్థం కాలేదు మాస్టారూ!" అన్నది. అందులో అబద్ధం లేదు. కాని దానిని పట్టుకొని ఉపాధ్యాయుడు చేయగలిగినదీ ఏమీ లేదు. అర్థం కానిది పదమా, అన్వయమా, సంధి విడదీయడమా, కవి హృదయమా? అది తెలియనంతవరకు అదే పాఠాన్ని మొదటినుంచి చెప్పడం తప్ప గత్యంతరం లేదు. ఉద్యోగ విరమణ అనంతరం కంప్యూటరులో తెలుగు రాయడం మరిగిన నాకు ఆ వాక్యానికి తోబుట్టువు ఒకటి ఎదురైంది. "తెలుగు సరిగా రావడం లేదు."

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవారు తమ మూలసంకేతాన్ని దాచుకోరు. దోషం కనబడితే ఎవరైనా తెలుపవచ్చు. 1998లో మొజిల్లా ప్రాజెక్టు కోసం వెలువడిన బగ్‌జిల్లా ఇందుకు పుట్టిన పనిముట్టే. లిబ్రెఆఫీస్ వారు కూడా దానినే వాడుతున్నారు. నివేదించేవారు చెప్పవలసినవి ప్రధానంగా మూడు: ఏ వరుసలో ఏమి చేశాను, ఏమి జరిగింది, ఏమి జరగాలి. పుట్టీ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేరును రాసిన సైమన్ టాథమ్ 1999లో ఈ విషయంపై ఒక వ్యాసం రాశాడు. చూసినది వేరు, ఊహించినది వేరు, రెండింటినీ కలపవద్దు అన్నది అందులోని ముఖ్యమైన హితవు. మన తార్కికులు ప్రత్యక్షానుమానాలను వేరుచేసి చెప్పింది ఇందుకే గదా!

నా పూర్వవిద్యార్థి ఒకడు అటువంటి చిన్న ప్రాజెక్టులో స్వచ్ఛందంగా పనిచేస్తున్నాడు. "మాస్టారూ, తెలుగువాళ్ల ఫిర్యాదులు వస్తున్నాయి గాని పనికివచ్చేట్టు ఉండడం లేదు. ఎట్లా రాయాలో చెప్పే పుట ఉన్నది. ఎవరూ చదవరు. మీరొకసారి చూస్తారా?" అని అడిగాడు. చూశాను. పుట నిండా నిషేధాలే. ఇది రాయవద్దు, అది పంపవద్దు, ముందే వచ్చిన ఫిర్యాదును మళ్లీ చేయవద్దు. ఏమి రాయాలన్నది మాత్రం అడుగున రెండు పంక్తులు! వాడితో నేనన్నది ఒకటే: "నాయనా, తరగతిలో ఒకరిద్దరు తప్పు రాస్తే వాళ్లు చదవలేదనుకోవచ్చు. తరగతంతా ఒకే ప్రశ్నకు తప్పు రాస్తే దిద్దవలసింది ప్రశ్నపత్రాన్ని."

ఆ పుటను తెలుగులో తిరగరాసే పని నా మీదనే పడింది. ముందుగా నిషేధాలను తీసివేసి, ఆ మూడు ప్రశ్నలను నెత్తిమీద పెట్టాము. వాటి కింద ఒక నమూనా జవాబు: "కొత్త పత్రం తెరిచి, ఫలానా ఖతి ఎంచుకొని, ‘స్త్రీ’ అని టైపు చేశాను. తవత్తు, రవత్తు ఒకదానిమీద ఒకటి పడ్డాయి. రెండూ స్పష్టంగా వేరువేరుగా కనబడాలి. ఖతి మారిస్తే సరిగా వచ్చింది." ఈ చివరి వాక్యం లక్షణమైనది. దోషం ఖతిలో ఉన్నదా, సాఫ్ట్‌వేరులో ఉన్నదా అన్న విచారణ సగం దానితోనే తేలిపోతుంది.

తరువాతి ప్రశ్న, ఏ ప్రతి? 1829లో వేమన పద్యాలను ప్రకటించిన బ్రౌన్ దొర అనేక ప్రతులను పండితులచేత పోల్చి చూపించాడు. ఒక పాఠాంతరం ఏ ప్రతిలోనిదో చెప్పకపోతే పరిష్కర్తకు దానితో ప్రయోజనం లేదు. సాఫ్ట్‌వేర్ వెర్షను, ఆపరేటింగ్ సిస్టమ్, ఖతి, కీబోర్డు, ఈ నాలుగింటి పేర్లూ అటువంటివే. వాటిని అడగడమే కాక, ఎక్కడ నొక్కితే కనబడతాయో కూడా రాశాము. పాత పుట ఆ సంగతి చెప్పలేదు.

అసలు చిక్కు తెలుగు లిపిది. తమ ప్రాంతపు వ్యవసాయ పదాలను ఏళ్ల తరబడి సేకరించిన ఒక పెద్దమనిషి, తన ఫైలులో ‘పైరు’ అని వెతికితే దొరకడం లేదని రాశాడు. తెరపట్టు కూడా పంపాడు. బొమ్మలో ‘పైరు’ చక్కగా కనబడుతూనే ఉన్నది. పరీక్షించినవారు తాము టైపు చేసి వెతికారు, దొరికింది. "వర్క్స్ ఫర్ మి" అని ముద్రవేసి మూసివేశారు. ఆయన ఆ సేకరణనంతటినీ మళ్లీ కాగితం మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడట!

బొమ్మ చెప్పలేనిది ఒకటున్నది. యూనికోడ్‌లో ఐత్వానికి 0సి48 అనే ఒకే సంకేతం వాడవచ్చు. లేదా ఎత్వానికి 0సి46, కింది గుర్తుకు 0సి56 అని రెండు సంకేతాలు వాడవచ్చు. కంటికి రెండూ ఒకటే. రెండింటినీ సమానంగా ఎంచాలని యూనికోడ్ నియమం. పాత ఖతినుంచి మార్చిన ఆయన ఫైలులో రెండు సంకేతాల ఐత్వం ఉన్నది. వెతికే సాఫ్ట్‌వేరు ఆ నియమాన్ని పాటించలేదు. కొత్త పుటలో "బొమ్మతోపాటు ఆ మాటను కూడా నకలు చేసి అతికించండి" అని చేర్చాము. ఆయన అట్లా అతికించి పంపిన ఒక్క మాటతో కారణం బయటపడింది. కాగితాల పని మానుకున్నాడు.

కంటికి కనబడని సంకేతాలూ ఉన్నాయి. ‘రాజ్‌కుమార్’లో జకారపు పొల్లును నిలిపేది జీరో విడ్త్ నాన్ జాయినర్. అది లేకపోతే కకారం వత్తుగా మారి ‘రాజ్కుమార్’ అవుతుంది. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ ఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చిన తెలుగు అక్షరం గుర్తున్నదా? జ, పొల్లు, ఞ, ఈ అదృశ్య సంకేతం, ఆపైన దీర్ఘం, ఈ వరుసే దానికి కారణం. మామూలుగా ‘జ్ఞానం’ అని రాస్తే ఏమీ కాలేదు. ఆ నెలలోనే సవరణ వచ్చింది. "జ్ఞా రాస్తే ఫోను పాడవుతున్నది" అని మాత్రమే చెప్పి ఉంటే, రాసి చూసినవారెవరికీ ఆ దోషం కనబడేదే కాదు.

నివేదించిన తరువాత ఏమవుతుందో కూడా ఆ పుటలో చెప్పాము. "వర్క్స్ ఫర్ మి" అంటే నీవు అబద్ధమాడుతున్నావని కాదు, మా యంత్రంలో అట్లా జరగలేదు, తేడా ఏమిటో చెప్పు అని. "నీడ్ ఇన్ఫో" అంటే తిరస్కారం కాదు, ఇంకొంత వివరం కావాలని. ఇంగ్లీషుకు జంకేవారికోసం ఒక వాక్యం నేనే చేర్చాను: ఇక్కడ ఇంగ్లీషు వ్యాకరణానికి మార్కులు లేవు.

ఇంత శ్రమ దేనికంటారా? సాఫ్ట్‌వేరు రాసేవారిలో అధికులకు తెలుగు రాదు. వత్తు జారినా, గుడి విరిగినా వారికి అది ఒక ఆకారమే. చూసి తప్పని చెప్పగల సాక్షులం మనమే. సాక్షి నోరు విప్పకపోతే దోషం అక్కడే ఉండిపోతుంది, జనం దానికి తగ్గట్టు సర్దుకుంటారు. పొల్లు నిలవడం లేదని ‘రాజ్ కుమార్’ అని విడగొట్టి రాయడం ఇప్పటికే చూస్తున్నాం. కొన్నాళ్లకు అదే సాధువని పిల్లలు నేర్చుకుంటారు. భాష మారడం సహజం, కాని ఒక యంత్రదోషానికి లొంగి మారనక్కరలేదు.

మీకు ఎక్కడైనా తెలుగు వికృతంగా కనబడితే విసుక్కొని ఊరుకోకండి. ఏమి చేశారు, ఏమి కనబడింది, ఏమి కనబడాలి, ఈ మూడు ముక్కలూ రాసి, ఆ మాటను అతికించి పంపండి. పది నిమిషాల పని.

స్వస్తి.