అమ్మ గది దాకా

ఈ నెల మీతో పంచుకోబోయేది వాక్య ధ్యానం కాదు. 2025 ఆగస్టులో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి. చిన్నదే గాని మూడు వారాలు నాకు నిద్ర లేకుండా చేసింది. ఇంట్లో వైఫై సెట్ మార్చాలా, ఉన్నదానితోనే నెట్టుకు రావాలా అన్నదే ఆ సంగతి. పాస్టరుగారికి ఇదేం భారం అని నవ్వేవారు నవ్వవచ్చు. నా భార్య కూడా మొదట నవ్వింది.

మేము కాపురముంటున్నది పాత మిషను కాంపౌండులోని పాస్టరు బంగళాలో. బంగళా అంటే పెద్దదనుకునేరు. నాలుగు గదులు రైలు పెట్టెల్లాగా ఒకదాని వెనుక ఒకటి ఉంటాయి. ముందుది నా ఆఫీసు గది, తరువాత హాలు, ఆ తరువాత పిల్లల గది, చిట్టచివర అమ్మ గది. గోడలు రాతివి, మూరెడు మందం. మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటుంది. కట్టించిన దొరలు ఎండను గురించి ఆలోచించారు గాని వైఫైని గురించి ఆలోచించలేదు.

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలై మందిరం తలుపులు మూయవలసి వచ్చినప్పుడు, ఆదివారపు ఆరాధన నా ఆఫీసు గదిలో ఫోను ముందు నిలబడి జరిపించేవాణ్ణి. ఒకవైపు పిల్లల ఆన్‌లైను క్లాసులు. ఇంటర్నెట్టు వాళ్లు ఇచ్చిన పెట్టె హాలు దాటి పనిచేసేది కాదు. అప్పుడు అప్పోసప్పో చేసి మెష్ సెట్ ఒకటి కొన్నాము. రూ.9,500 అయింది. మెష్ అంటే అల్లిక. ఒకే పెట్టె ఇల్లంతా చూసుకోకుండా, మూడు పెట్టెలు ఒకదానికొకటి కబురు అందించుకుంటూ ఒకే పేరుతో, ఒకే పాస్‌వర్డుతో ఇల్లంతా నడిపిస్తాయి. మొదటిది ఆఫీసు గదిలో ఫైబరు కనెక్షను దగ్గర, రెండవది హాల్లో, మూడవది పిల్లల గదిలో పెట్టాము. అమ్మ గదిలో పెట్టలేదు. అమ్మకెందుకులే అనుకున్నాము. ఆ మాట అప్పుడు ఎవరమూ పైకి అనలేదు, ఇప్పుడు నేనే రాస్తున్నాను.

ఐదేళ్లు బాగానే గడిచాయి. 2025 వేసవి తరువాత మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. "నాన్నా, మనది వైఫై 5. పాతబడిపోయింది. ఇప్పుడు వైఫై 7 వచ్చింది" అని ఒకటే పోరు. అబ్బాయి అక్కకు వంత. నాకు ఆ అంకెలేవీ తెలియవు. తరువాత తెలుసుకున్నాను. వైఫై 5 అని పిలిచే పద్ధతి 2013లో వచ్చింది. వైఫై 6 గుర్తింపు 2019లో, వైఫై 7 గుర్తింపు 2024 జనవరిలో మొదలయ్యాయి. పనిమీద విజయవాడ వెళ్లినప్పుడు ఒక షాపులో అడిగాను. మూడు పెట్టెల వైఫై 7 సెట్ రూ.42,000 అన్నాడు. వైఫై 6 అయితే రూ.16,000 అన్నాడు. దణ్ణం పెట్టి బస్సెక్కాను.

ఆ మాట అంతటితో పోయేదే. కాని ఒక రాత్రి కువైట్‌నుండి చెల్లి ఫోను చేసింది. అక్కడ ఆమె నర్సు. వారానికి మూడుసార్లు రాత్రి తొమ్మిదింటికి అమ్మతో వీడియోలో మాట్లాడుతుంది, అక్కడ అప్పటికి సాయంత్రం ఆరున్నర. ఆ రోజు అమ్మకు చేయకుండా నాకు చేసింది.

"అన్నయ్యా, అమ్మకు నా మీద కోపమేమైనా ఉందా?"

"ఎందుకు తల్లీ?"

"గాల్ బ్లాడరులో రాళ్లున్నాయట, ఆపరేషను చేయించుకోవాలి అని మొన్న చెప్పాను. 'మంచిదమ్మా, మంచిది, సంతోషం' అంది. ఆ తరువాత భోజనం చేశావా అని అడిగింది."

చెల్లి ఏడుస్తున్నదని నాకు అర్థమైంది. ఫోను పెట్టేసి అమ్మ దగ్గరికి వెళ్లాను. అమ్మకు 76 ఏళ్లు. మంచం మీద కూర్చుని ఉంది. నేను ఏమీ అడగకముందే ఆమే అడిగింది: "ఒరే నాయనా, చెవి మిషను ఎంతవుతుందిరా?"

"ఎవరికమ్మా?"

"నాకే. నీ చెల్లెలి మాటలు నాలుగు నెలలనుండి ముక్కలు ముక్కలుగా వినిపిస్తున్నాయి. మళ్లీ మళ్లీ చెప్పమంటే పాపం విసుక్కుంటుందని, అర్థం కాకపోయినా మంచిది మంచిది అంటున్నాను. నా చెవులు పోయాయిరా."

తలగడ కిందనుండి ఒక చేతిరుమాలు మూట తీసింది. నాన్నగారు మిషను స్కూలు టీచరుగా చేసి పోయారు. ఆ కుటుంబ పెన్షనులో మిగుల్చుకున్న రూ.18,000 అందులో ఉన్నాయి. చెవి మిషను కోసం దాచుకున్నది. ఆ మూట చూస్తూ నేను నిలబడిపోయాను. నేను వాకిట్లోనుండి పిలిచినా పలికే మనిషి, గుడి గంట మొదటి దెబ్బకే లేచి కూర్చునే మనిషి, చెవులు పోయాయంటే నమ్మేదెట్లా? తన ఫోను తీసుకుని అదే మంచం మీద కూర్చుని చెల్లికి కలిపాను. బొమ్మ బిగుసుకుపోయింది. మాట రెండు ముక్కలు వచ్చి మధ్యలో మాయమై, మళ్లీ రెండు ముక్కలు వచ్చింది. నాకూ వినపడలేదు.

అమ్మకు విషయం చెప్పాను. చెల్లి ఆపరేషను సంగతి కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ మూట నా చేతిలో పెట్టి, "అయితే దీనితో ఆ వైఫైయో ఏదో కొత్తది తెప్పించు. ముందు దానితో మాట్లాడాలి" అంది.

ఇక్కడ నిజం ఒప్పుకుంటున్నాను. ఆ డబ్బు తీసుకోవాలనే అనుకున్నాను. వైఫై 6 సెట్ రూ.16,000. మూటలో రూ.18,000. లెక్క సరిగ్గా సరిపోయింది, అమ్మాయి పోరు కూడా తీరుతుంది. మరునాడే షాపుకు ఫోను చేసేవాణ్ణి. ఆ రోజు మధ్యాహ్నం మా యవనస్థుల కూటంలోని ఒక తమ్ముడు ఏదో పనిమీద వచ్చాడు. ఫైబరు కేబుళ్లు లాగే పనిచేస్తాడు. కొత్త సెట్ సంగతి చెబితే, "అయ్యగారూ, ముందు ఒకసారి చూద్దాం. కొన్నాక చూసేదేముంది?" అన్నాడు.

ఫోనులో ఏదో యాప్ తెరిచి గది గదికీ తిరిగాడు. మా ప్లాను 100 ఎంబీపీఎస్. ఆఫీసు గదిలో 94 వచ్చింది. హాల్లో 41. పిల్లల గదిలో 17. అమ్మ మంచం దగ్గర ఒకసారి 3, ఒకసారి 1, ఒకసారి అసలు రాలేదు. సిగ్నలు బలం కూడా చూపించాడు. అది మైనస్ అంకెల్లో ఉంటుంది, సున్నాకు ఎంత దగ్గరైతే అంత బలం. ఆఫీసు గదిలో మైనస్ 42. అమ్మ గదిలో మైనస్ 83. మాటలు తెగకుండా రావాలంటే మైనస్ 67 దగ్గరైనా ఉండాలట. వీడియోలో మాట్లాడటానికి వేగం పెద్దగా అక్కరలేదు, 1 లేక 2 ఎంబీపీఎస్ చాలు. కాని అది నిలకడగా రావాలి.

గది గదికీ వేగం సగం సగం ఎందుకు తగ్గుతుందని అడిగాను. అతను రేడియోలు, దారులు అని చెబుతుంటే నాకు మా సువార్త సభలు గుర్తొచ్చాయి. బయటి దేశంనుండి ప్రసంగీకుడు వస్తే పక్కన తర్జుమా చేసేవారు నిలబడతారు. ఆయన ఒక మాట చెప్పి ఆగాలి, ఈయన దాన్ని తెలుగులో చెప్పాలి. ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఎవరికీ అర్థం కాదు. అరగంట ప్రసంగం గంట పడుతుంది. ఆ తెలుగును ఇంకొకరు మరో భాషలో చెప్పాలంటే గంటన్నర. మా హాల్లోని పెట్టె, పిల్లల గదిలోని పెట్టె అట్లా తర్జుమా చేసేవాళ్లే. మాది రెండు దారుల సెట్, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. వెనుక పెట్టెతో మాట్లాడటానికీ, మన ఫోనుతో మాట్లాడటానికీ అదే రేడియో. వింటున్నప్పుడు చెప్పలేదు, చెబుతున్నప్పుడు వినలేదు. ఖరీదైన మూడు దారుల సెట్లలో పెట్టెలు తమలో తాము మాట్లాడుకోవటానికి వేరే దారి ఉంటుంది.

"అయితే అదే కొనాలి కదా?" అన్నాను.

"ఆ దారి కూడా మీ రాతి గోడలోనుండే పోవాలి కదయ్యగారూ" అన్నాడు.

2.4 గోడలను కాస్త దాటుతుంది గాని నెమ్మది. 5 వేగం గాని గోడ దగ్గర నీరసిస్తుంది. కొత్త సెట్లలో కొన్నిటికి ఉండే 6 గిగాహెర్ట్జ్ దారి ఇంకా వేగం, గోడ విషయంలో ఇంకా బలహీనం. పైగా కొత్త పద్ధతి లాభం పూర్తిగా అందాలంటే ఫోను కూడా ఆ పద్ధతిది కావాలి. మా ఇంట్లో ఫోనులన్నిటిలో అమ్మాయిది ఒక్కటే వైఫై 6. అమ్మది చెల్లి వాడి పంపించిన పాత ఫోను. దాని కోసం వైఫై 7 తెస్తే ఎద్దుబండికి రైలు పట్టాలు వేసినట్టే.

తరువాత అతను పిల్లల గదిలోని పెట్టె ఎక్కడని అడిగాడు. చూపించడానికి నాకే సిగ్గేసింది. దుమ్ము పడకుండా ఉంటుందని ఇనుప బీరువాకూ గోడకూ మధ్య సందులో పెట్టాను, 2020లో, నా చేత్తోనే. ఇనుము వైఫైకి ఇటుక గోడకన్నా పెద్ద అడ్డు. అమ్మ గది సరిగ్గా ఆ బీరువా అవతల ఉంది. ఐదేళ్లుగా ఇంటికంతటికీ అందగా మిగిలిన చివరి చుక్క, బీరువా దాటి, రాతిగోడ దాటి అమ్మకు చేరాలి.

వారానికి పది పన్నెండు ఇళ్లు పరామర్శకు వెళ్తాను. ప్రతి ఇంట్లో ముసలివాళ్ల మంచం దగ్గర కూర్చుని వాళ్ల బాధ అడుగుతాను. మా అమ్మ గదిలో రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలు, ఆమెన్ అనగానే లేచిపోవడం. ఆ మంచం మీద కూర్చుని ఒక్కసారైనా ఫోను మాట్లాడి ఉంటే నాలుగు నెలలు పట్టేది కాదు.

ఆ తమ్ముడు చెప్పిన పని సులువైనది. ఆఫీసు గదిలోని పెట్టెనుండి వెనుక వరండా గోడ వెంట కేబులు లాగి అమ్మ గదికి తీసుకుపోవడం. క్యాట్ 6 కేబులు 28 మీటర్లు పట్టింది. ఇటువంటి కేబులు 100 మీటర్లదాకా వేగం తగ్గకుండా తీసుకుపోతుంది. వానకూ ఎలుకలకూ భయపడి పైపులో వేయించాము. గోడకు రంధ్రం వేయనక్కర లేకపోయింది, పాత కిటికీ చట్రంలో ఎప్పటిదో సందు ఉంది. బీరువా వెనుక పెట్టెను తీసి అమ్మ గదిలో గూట్లో, బైబిలు పక్కన పెట్టి కేబులు గుచ్చాము. చాలా మెష్ సెట్లు కేబులు గుచ్చగానే గాలి దారి వదిలి ఆ తీగ దారి పట్టుకుంటాయి. మాదీ అంతే. ఇక తర్జుమా అక్కరలేదు. మొత్తం ఖర్చు రూ.1,650. కూలి తీసుకోనన్నాడు, బలవంతంగా జేబులో పెట్టాను. అమ్మ మంచం దగ్గర 91 వచ్చింది. పిల్లల గదికి ఇప్పుడు అమ్మ గదినుండి వస్తున్నది, 38.

అమ్మాయి సంతోషించలేదు. "అంటే కొత్తది కొననట్టేనా?" అంది. ఆమె మాటలో కొంత న్యాయం ఉందని కూడా రాయాలి. ఈ పెట్టెల్లో తాళాలవంటివి ఉంటాయి, దొంగలు కొత్త మారుతాళాలు చేసినప్పుడల్లా కంపెనీ వాటిని సరిచేసి పంపాలి. మా సెట్‌కు చివరిసారి అట్లాంటి అప్‌డేట్ వచ్చింది 2023లో అని యాప్‌లో కనిపించింది. అవి పూర్తిగా ఆగిపోతే, పెట్టె ఎంత బాగా పనిచేస్తున్నా మార్చవలసిందే అన్నాడు ఆ తమ్ముడు. ఎదురు చూసేది అందుకే గాని వేగం కోసం కాదు. నెలకు రూ.500 చొప్పున ఒక కవరులో వేస్తున్నాము. కవరు మీద అమ్మాయి పెద్ద అక్షరాలతో "వైఫై 6" అని రాసింది. నా భార్య దాని కింద "లేక మిక్సీ" అని చేర్చింది.

అమ్మ మూట అమ్మకు తిరిగి ఇచ్చాను. అయినా పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాను. ఎడమ చెవిలో కొంచెం తగ్గిందట, వయసుకు మామూలే, మిషను ఇప్పుడు అక్కరలేదన్నారు.

చెల్లి ఆపరేషను సెప్టెంబరులో బాగానే జరిగింది. ముందు రోజు రాత్రి అమ్మ ఆమెతో గంటంబావు మాట్లాడింది. హాల్లో కూర్చున్న మాకు ప్రతి మాటా వినిపించింది. నాలుగు నెలల అలవాటు పోలేదు, ఇంకా అరిచే మాట్లాడుతున్నది. మధ్యలో చెల్లి గొంతు కూడా స్పష్టంగా వినిపించింది: "అమ్మా, ఎందుకే అంత గట్టిగా అరుస్తావు, నాకు వినపడుతూనే ఉంది కదా!"