ముగ్గు పోసే ముందు

మా బామ్మర్ది ఇల్లందులో ఇంటి జాగా చూశాడు. రెండు వందల గజాలు, నార్త్ ఫేసింగ్, ఈసీలో ఏ పేచీ లేదు. శ్రావణంలో ముగ్గు పోయాలని సున్నం సంచి కూడా తెచ్చిపెట్టుకున్నాడు. నేను పోతూ పోతూ నాన్న స్నేహితుడు, బొగ్గుబాయిలో సర్వే చేసి రిటైరైన సారును వెంట తీసుకెళ్లాను.

తెలంగాణ బొగ్గు కథ మొదలైంది ఈ ప్రాంతంలోనే. 1871లో విలియం కింగ్ ఇక్కడ బొగ్గు కనుగొన్నాడు, 1889లో తవ్వకం మొదలైంది. ఆ తొలినాటి బాయిల్లో దిగినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. ఎక్కడిదాకా తవ్వారో చెప్పాల్సింది కాగితమే.

సారు జాగా వైపు వెంటనే చూడలేదు. చుట్టుపక్కల ఇళ్ల కిటికీ మూలలు చూశాడు, ప్రహరీ గోడల వెంట నడిచాడు, వాన నీళ్లు కొత్తగా ఎక్కడైనా నిలుస్తున్నాయా అని అడిగాడు. ఎక్కడా పగులు లేదు. బామ్మర్ది ముఖం వెలిగింది. "గోడలు బాగున్నయంటే ఇయ్యాల్టి దాకా బాగున్నయనే బిడ్డా" అన్నాడు సారు.

ఇంటికొచ్చాక, కుర్ర సర్వేయర్లకు నేర్పడానికి తాను గీసుకున్న నమూనా ప్లాను పరిచాడు. గ్యాలరీలు వీధుల్లా, మధ్యలో వదిలిన బొగ్గు పిల్లర్లు ఇళ్లలా, అచ్చం ఒక ఊరు. పిల్లర్లు తీసేసి పైకప్పును కూలనిచ్చిన చోటే ప్రమాదమని నేననుకున్నాను. "అది దిగేదేదో కొన్నేండ్లల్ల చాలామట్టుకు దిగిపోతది. పిల్లర్లు నిలబెట్టి వదిలేసిన చోటు ఎన్నటికి కదుల్తదో చెప్పలేం. అండ్ల లోతు తక్కువుంటే మరీ కష్టం."

లోతు లెక్క మాకు అర్థం కావడానికి బెల్లం దిమ్మ ఒకటి అడిగాడు. అది సరిగ్గా పట్టే గిన్నె ఒకటి వెతికి, దిమ్మను రోకలితో చితక్కొట్టి మళ్లీ అందులోనే పోశాడు. పట్టలేదు, ముక్కలు అంచు దాటి పళ్లెంలో పడ్డాయి. రాయీ అంతే. కూలిన పెళ్లలు ఐదో వంతు ఉబ్బుతాయనుకుంటే, రెండున్నర మీటర్ల ఎత్తున్న ఖాళీ పన్నెండున్నర మీటర్లు పైకి పాకేసరికి తనంతట తానే పూడిపోతుంది. పైన అంత రాయి లేకపోతే నేల మీద గుంత పడుతుంది. నీళ్లు ఆ పెళ్లలను గ్యాలరీ వెంట లాక్కుపోతే ఈ లెక్క కూడా నిలవదు.

పాత ప్లానును ఇప్పటి పటం మీద పెట్టడం ఇంకో తలనొప్పి. కొలతలు అడుగుల్లో ఉంటాయి, అయస్కాంత ఉత్తరం అప్పటి నుంచి పక్కకు జరిగింది. బాయి మూతి లాంటి కదలని గుర్తులు దొరికితేనే రెండూ కలుస్తాయి. కలిశాక అనుమానమున్న చోట రంధ్రాలు వేస్తారు. రాడ్ గభాలున జారితే కింద ఖాళీ ఉన్నట్టు, పంపిన నీళ్లు తిరిగి పైకి రాకపోతే పగుళ్లున్నట్టు. ఇక్కడ సారు చెప్పిన మాట ఒకటి నన్ను ఆపేసింది. రంధ్రాల మధ్య దూరం, పిల్లర్ల మధ్య దూరం ఒకటే అయితే ప్రతి రంధ్రమూ పిల్లర్‌కే తగలొచ్చు. అన్నింట్లో గట్టి బొగ్గే కనిపిస్తుంది, నేల భేషుగ్గా ఉందని రిపోర్టు వస్తుంది! అందుకే వరస తప్పించి వేయాలి.

ఖాళీ దొరికినా కథ ముగిసినట్టు కాదు, సిమెంటు, బూడిద కలిపిన పాలు పంపి నింపొచ్చు. పాత బాయి మూతి మీద మాత్రం ఇల్లు కట్టనే కూడదు.

బ్రిటన్‌లో బొగ్గు ప్రాంతంలో ఇల్లు కొనేవాళ్లు ముందే మైనింగ్ రిపోర్టు తెప్పించుకుంటారు. అందుకోసం ప్రభుత్వ సంస్థే ఉంది. కోల్ అథారిటీ అన్న దాని పేరు 2024లో మైనింగ్ రెమిడియేషన్ అథారిటీగా మారింది. మన ఈసీ మాత్రం ఎవరు ఎవరికి అమ్మారో, తాకట్టు ఉందో లేదో చెబుతుంది, కింద ఎవరు ఎంత తవ్వారో చెప్పదు. బొగ్గు ఊళ్లలోనైనా ఆ ఒక్క గడి చేర్చాలి. జీవితమంతా కూడబెట్టిన డబ్బు పోసేది ఆ నేల మీదే కదా.

సాయంత్రం మళ్లీ జాగాకు పోయి నాలుగు హద్దురాళ్ల దగ్గరా ఫోన్‌లో అక్షాంశ రేఖాంశాలు పట్టాం. సారు చెబుతుంటే బామ్మర్ది, ఈ జాగా కింద తవ్వారో లేదో చెప్పమని బొగ్గుబాయి సర్వే ఆఫీసుకు దరఖాస్తు రాశాడు. సంతకం పెట్టాక పంతులుగారికి ఫోన్ చేశాడు. "శ్రావణం వద్దండీ, కార్తీకంలో ఏమన్నా ఉందేమో చూడండి."