కాలి చెప్పు జారిపోతుంటే

ఇది కాస్త పొడుగు పోస్టు, నడుం నొప్పి గురించి. కొండాపూర్, కొత్తగూడ, హఫీజ్‌పేట చుట్టుపక్కల బండి మీద డెలివరీ చేసే మన పిల్లలు చాలామంది ఈ గ్రూపులో ఉన్నారు. వాళ్లైతే తప్పకుండా చదవండి.

మాది చర్ల వైపు. నేను డిగ్రీ రెండో ఏడు, ఇక్కడ హాస్టల్లో ఉంటున్నా. మా రెండు ఇళ్లల్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. మా పెద్దమ్మ కొడుకు ఇక్కడే డెలివరీ చేస్తాడు, రోజుకి 12 గంటలు బండి మీదే. నా పరీక్ష ఫీజు కూడా ఆ బండి మీంచే వస్తుంది.

అన్నకి నొప్పి నడుంలో మొదలై పిర్ర వెనక నుంచి తొడ, పిక్క మీదుగా పాదం దాకా దిగేది. దగ్గినా తుమ్మినా జివ్వుమనేది. మన దగ్గర దీన్ని "నరం పట్టింది" అంటాం. మా ఊళ్లో అయితే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని పిలిచి నడుం మీద తన్నించుకుంటారు. ఇక్కడ సిటీలో దానికి బదులు రీల్స్ ఉన్నాయి. మనిషిని పక్కకి తిప్పి టక్‌మని శబ్దం తెప్పిస్తారు, లేచి నవ్వుతాడు. అన్న రూమ్మేట్ అలాంటి ఒక కైరోప్రాక్టర్ దగ్గర 10 సిట్టింగులకి ముందే డబ్బు కట్టే ప్యాకేజీ మాట్లాడేశాడు కూడా.

నన్ను ఆపింది ఒక చిన్న సంగతి. నడుస్తుంటే అన్న ఎడమ కాలి చెప్పు ఊడిపోతోంది. రెండుసార్లు చూశాను. చెప్పు పాతదిరా అన్నాడు. పాతదైతే రెండూ ఊడాలి కదా.

కొండాపూర్ ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాను. ఓపీ లైన్లో చాలాసేపు నిలబడ్డాం, అది వేరే కథ. డాక్టర్ గారు పడుకోబెట్టి మోకాలు వంగకుండా కాలు పైకి లేపారు. సగం కూడా లేవకముందే అన్న అరిచాడు. తర్వాత మడమల మీద నడవమన్నారు. కుడి పాదం లేచింది, ఎడమది లేవలేదు. ఎమ్మారై రాశారు.

నాకు అర్థమైంది చెప్తా. వెన్నుపూసల మధ్య మెత్తని దిండ్ల లాంటివి ఉంటాయి, వాటినే డిస్కులంటారు. అడుగునున్న రెండింటి మీద భారం ఎక్కువ. అవి ఉబ్బి పక్కనున్న నరం వేరుని నొక్కితే కాల్లోకి నొప్పి దిగుతుంది. మన ఒంట్లో అన్నిటికన్నా లావు నరం అదే, సయాటిక్ నరం. అంటే నొప్పి కాల్లో ఉంటుంది, జబ్బు నడుంలో ఉంటుంది. పిక్కకి ఎంత నూనె రాసినా తగ్గకపోవడం అందుకే. గంటలకొద్దీ బండి, గుంతలు, స్పీడ్ బ్రేకర్లు, వీపు మీద బ్యాగు, ఇవన్నీ నొప్పిని పెంచుతాయి. వెనక జేబులో లావు పర్సు పెట్టుకుని కూర్చున్నా పిర్ర దగ్గర ఆ నరం నలుగుతుంది.

చాలామందికి ఇది కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. మంచం మీదే ఉండిపోకూడదు, ఓర్చుకోగలిగినంత నడవాలి. రోజులు గడిచేకొద్దీ నొప్పి కాల్లోంచి పైకి, నడుం వైపు జరుగుతుంటే మంచి గుర్తే అంటారు.

కానీ పాదం లేవకపోతే, కాల్లో బలం తగ్గుతుంటే ఆగకూడదు. ఇంకొకటి సిగ్గుపడకుండా చదవండి. బండి సీటుకి ఆనే భాగమంతా మొద్దుబారినా, ఒంటికి రాకపోయినా, తెలియకుండా వచ్చేస్తున్నా రేపు చూద్దాం అనుకోవద్దు. ఆ పూటే పెద్దాసుపత్రి క్యాజువాలిటీకి వెళ్లాలి. గంటలు గడిస్తే నరాలు మళ్లీ రాకపోవచ్చు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉంటే అదీ డాక్టర్‌కి చెప్పండి, వెన్నుకి కూడా టీబీ వస్తుంది. బండి మీంచి పడ్డాక మొదలైన నొప్పి కూడా అంతే. వీటిలో ఏది ఉన్నా తొక్కించడం, తన్నించడం, టక్‌మనిపించడం ఏదీ వద్దు.

అలాగని కైరోప్రాక్టిక్ అంతా మోసం అని నేను అనను. 1895లో అమెరికాలో డి.డి.పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు, అక్కడ దానికి కాలేజీలు, లైసెన్సులు ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఫలానా కారణమని తేలని దీర్ఘకాలపు నడుం నొప్పికి చేతులతో వెన్ను సర్దడం కూడా పనికొచ్చేవాటిలో చేర్చింది. (మనం ముందు కొనే నడుం బెల్టేమో వద్దన్నవాటిలో ఉంది!) బ్రిటన్ మార్గదర్శకాలు సయాటికాకి కూడా చేయొచ్చంటాయి, అయితే వ్యాయామంతో కలిపే. కాబట్టి డాక్టర్ చూసి, పైన చెప్పినవేవీ లేవన్నాక, నొప్పి ఒక్కటే మిగిలితే వెళ్లొచ్చు. మన దేశంలో దీనికి ప్రత్యేకంగా కౌన్సిల్ లేదు, బోర్డు చూస్తే చదువు తెలీదు. ఎక్కడ చదివారని అడగండి. రిపోర్టు చూడకుండా చెయ్యి వేసేవాళ్ల దగ్గర, ముందే ప్యాకేజీ కట్టమనేవాళ్ల దగ్గర పడుకోవద్దు. ఆ టక్‌మనే శబ్దం కీలు నీటిలోని గ్యాస్ బుడగది. ఎముక చోటుకి వచ్చిందని కాదు.

అన్న ఇప్పుడు మందులు, ఫిజియోథెరపీ మీద ఉన్నాడు. పాదం కొంచెం లేస్తోంది. ఇలాగే పెరిగితే సరే, లేకపోతే ఆపరేషన్ మాట వస్తుందన్నారు. తెలంగాణలో ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉందని తెలిశాక అన్న ఆ రాత్రి అన్నం తిన్నాడు. బండి ఆపి రెండు నెలలైంది, ఊరికి రూపాయి వెళ్లలేదు. పెద్దమ్మకి ఫోన్లో బండి రిపేర్లో ఉందని చెప్తున్నాడు. నేను పక్కనే కూర్చుని వింటున్నా, ఏమీ అనలేకపోతున్నా.

మీలో ఎవరికైనా కాల్లోకి నొప్పి దిగుతుంటే ఈ రోజే చెప్పులు విప్పి నాలుగడుగులు మడమల మీద నడిచి చూడండి. పాదం లేవకపోతే గ్రూపులో ఒక మాట పెట్టండి. ఓపీ లైన్లో తోడు నిలబడ్డానికి నేను వస్తాను, నాకు పొద్దున క్లాసులు పదింటికి గానీ లేవు.