రాజ్ కీబోర్డు, మా బాబాయ్ వయొలిన్

రాజ్-కోటి పేరు వినగానే మనలో చాలామందికి రీల్స్‌లో తిరిగే పాత చిరంజీవి స్టెప్పులు గుర్తొస్తాయి. నాకైతే సింథసైజర్ గుర్తొస్తుంది. ఆఫీసు అయ్యాక ఫోన్‌లో బీట్లు కట్టుకునే పిచ్చి నాది. ఎలక్ట్రానిక్ పాప్ అంటే ఫారినోళ్లదే అనుకునే ఫ్రెండ్స్‌కి ముందు వీళ్ల పాటలే వినిపిస్తాను.

రాజ్ అసలు పేరు తోటకూర సోమరాజు. ఎన్టీఆర్ సినిమాలకి బాణీలు కట్టిన టి.వి.రాజు గారి అబ్బాయి. కోటి ఏమో సాలూరి రాజేశ్వరరావు గారి అబ్బాయి. ఇద్దరూ చక్రవర్తి గారి దగ్గర పనిచేసి, 1983లో 'ప్రళయ గర్జన'తో జంటగా మొదలయ్యారు. చిత్రంగా యమహా డీఎక్స్7 కీబోర్డు, వేర్వేరు కంపెనీల మెషీన్లు ఒకదాంతో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతీ వచ్చింది కూడా ఆ ఏడాదే. వీళ్ల దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్ తర్వాత ఏ.ఆర్.రెహమాన్ అయ్యాడు.

1988 నాటి 'యముడికి మొగుడు'లో 'అందం హిందోళం' హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. హిందోళంలో ఐదే స్వరాలు. రిషభం, పంచమం ఉండవు. కచేరీల్లో నిదానంగా విప్పే ఆ రాగాన్ని తెచ్చి డాన్సు బీటు మీద పరిగెత్తించారు. కింద తాళం ఎవరి కోసమూ ఆగదు. బాలు, జానకి గార్ల గొంతులు మాత్రం కాస్త ఆగి, జారి, మళ్లీ అందుకుంటాయి. నాకు ఆ లాగులాటే ఇష్టం.

మా బాబాయ్ ముందు ఇవన్నీ చెప్తే ఊరుకోడు. ఒంగోల్లో చవితి పందిళ్లకీ పెళ్లిళ్లకీ వెళ్లే ఆర్కెస్ట్రాలో ఆయన వయొలిన్ వాయించేవాడు. బృందంలోకి కీబోర్డొచ్చింది. 'స్ట్రింగ్స్' అని ఓ బటన్ నొక్కితే నలుగురి మోత. ఇంకెవరు పిలుస్తారు? పొగాకు గోడౌన్‌లో లెక్కలు రాసే పనికెళ్లిపోయాడు. రాజ్ గొప్పోడేనని ఒప్పుకుంటాడు గానీ, ఆ ఒప్పుకోవడంలో ఉప్పూ కారం ఎక్కువ.

'హలో బ్రదర్'కి నంది అందుకున్న ఆ జంట విడిపోయింది. కారణాల గాసిప్ నాకొద్దు. రాజ్ ఒక్కడే చేసిన 'సిసింద్రీ' 1995లో వచ్చింది. ఆ తర్వాత ఆయన చేసినవి కొద్ది సినిమాలే. 2023 మే 21న హైదరాబాద్‌లో చనిపోయాడు.

ఈమధ్య బాబాయ్ వయొలిన్ పెట్టె తీయించాను. హిందోళంలో చిన్న ముక్క వాయిస్తే ఫోన్‌లో రికార్డు చేసి లూప్ పెట్టాను.

"నేను నాలుగుసార్లు వాయిస్తే నాలుగు రకాలుగా వస్తుంది. ఇదేంట్రా, ఒకే మాట పదేపదే అంటోంది?" అన్నాడు.

"అదే కదా బాబాయ్ స్టైలు."

"సర్లే, డబ్బులొస్తే నాకెంత?"

సగం అన్నాను. వయొలిన్ లేకుండా ఆ ట్రాక్‌లో ఏముంది మరి! పేరు కూడా ఆయనదే ముందు పెట్టాను. అప్‌లోడ్ మాత్రం ఇంకా కాలేదు. లూప్ వద్దట, పాట పొడుగునా తనే వాయిస్తాడట. ఆదివారం రమ్మన్నాడు.