ఉల్లి, వెల్లుల్లి లేని కొరియా భోజనం

కొరియా అనగానే మనకి గుర్తొచ్చేది పిల్లలు ఫోన్లలో చూసే సీరియళ్ళే. వాటిలో ఎవరు భోజనానికి కూర్చున్నా నిప్పుల మీద మాంసం కాలుతూ ఉంటుంది. "ఆ దేశంలో మనకి మంచినీళ్ళు తప్ప ఏమీ దొరకవు" అని మా నర్సీపట్నంలో మా వీధివాళ్ళంతా తేల్చేశారు. మీ పిల్లలూ అక్కడ ఉద్యోగాల్లో ఉండి, తిండి గురించి భయపడి మీరు ప్రయాణం వాయిదా వేస్తుంటే, ఈ నాలుగు మాటలూ చదివి అప్పుడు నిర్ణయించుకోండి.

మా అమ్మాయి, అల్లుడు సియోల్‌కి దక్షిణాన ఉన్న సువన్ నగరంలో ఉంటారు. 2024 అక్టోబరు చివర్లో మనవణ్ణి చూడటానికి బయల్దేరాం. నేనొక్కదాన్నే అయితే ఏదో ఒకటి సర్దుకునేదాన్ని. నాతో మా అత్తగారు కూడా వచ్చారు. ఆవిడకి 74 ఏళ్ళు. షుగరు ఉంది. మాత్ర వేసుకున్నాక వేళకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఉల్లిపాయ, వెల్లుల్లి జన్మలో నోట పెట్టలేదు. పైగా వచ్చేది కార్తీకమాసం. "మునిమనవణ్ణి చూడాలనే ఉంది గానీ, ఈ వయసులో నియమం వదులుకోలేనే అమ్మాయ్" అంటూ రెండు నెలలు ఊగిసలాడారు.

ముందు విమానం సంగతి. టిక్కెట్టు కొన్నప్పుడే భోజనం ఏ రకమో చెప్పేయాలి. ఏవీఎంఎల్ అంటే మన పద్ధతి శాకాహారం. వీజీఎంఎల్ అంటే పాలూ పెరుగూ కూడా ఉండవు. వీజేఎంఎల్ అంటే జైనుల భోజనం, అందులో ఉల్లి, వెల్లుల్లి, దుంపలు వేయరు. మా అత్తగారికి ఇదే పెట్టించాం. కనీసం 24 గంటల ముందైనా చెప్పకపోతే విమానంలో అడిగి లాభం లేదు. పెట్టెలో చింతపండు, కారప్పొడి, ఇంగువ సర్దుకోండి. పచ్చి పళ్ళు, పచ్చి కరివేపాకు మాత్రం వద్దు, అక్కడ దిగగానే తీసేసుకుంటారు.

ఇక అక్కడి భోజనం. కొరియా వాళ్ళ బల్ల మీద కూరలకి లోటు లేదు. అన్నంతోపాటు చిన్న చిన్న గిన్నెల్లో ముల్లంగి, పాలకూర, మొలకలు, కేబేజీ బోలెడు పెడతారు. చూస్తే అంతా ఆకూ కాయే. చిక్కు అక్కడే ఉంది. కేబేజీ ఊరగాయలాంటి కిమ్చీలో సాధారణంగా ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలో, చేపల రసమో కలుపుతారు. సోయా ముద్దతో చేసే పులుసుని చాలాచోట్ల ఎండు చేపలు మరిగించిన నీళ్ళతోనే కాస్తారు. కంటికి కనిపించదు, నోటికీ చటుక్కున తెలియదు. మన దగ్గర ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనేస్తాం కదా, ఆ సదుపాయం అక్కడ లేదు.

మాంసాన్ని వాళ్ళ భాషలో 'గోగి' అంటారు. "గోగి తినను" అని చెప్పి ఊరుకుంటే సరిపోదు. చాలామంది చేపని ఆ లెక్కలో వేయరు. చేపని జలపుష్పం అనుకుని తినే బెంగాలీ బ్రాహ్మల సంగతి మనకి తెలిసిందే కదా, అలాగన్న మాట! చేపకి 'సెంగ్‌సన్', రొయ్యకి 'సేఉ', పులుసులో వేసే చిన్న చేపకి 'మ్యోల్చి', గుడ్డుకి 'గ్యేరాన్' అంటారు. ఏది వద్దో దాని పేరు చెప్పి, చివర 'ప్పె జుసేయో' అంటే తీసేసి ఇవ్వండి అని అర్థం. ఈ మాటలన్నీ వాళ్ళ లిపిలో ఒక అట్ట మీద మా అమ్మాయి రాసిచ్చింది. హోటల్లో మాట్లాడటం కన్నా ఆ అట్ట చూపించడం నయం.

బిబింబాప్ అని ఒకటుంది, అన్నం మీద రకరకాల కూరలు పేర్చి ఎర్ర కారం ముద్దతో కలుపుకోవడం. మాంసం, గుడ్డు తీసేయమంటే నాకు సరిపోయేది. కానీ ఆ కారం ముద్దలో వెల్లుల్లి ఉండవచ్చు, కూరల్లో తప్పకుండా ఉంటుంది. కొరియా ఇంట్లో వెల్లుల్లి లేని రోజు ఉండదేమో! మొదటి వారం మా అత్తగారు మా అమ్మాయి వండిన అన్నం, పప్పు తప్ప ఏమీ ముట్టలేదు. ఊరు చూద్దాం రమ్మంటే "తిండి వేళకి ఇంటికి రాగలిగితేనే వస్తాను" అనేవారు. పరాయి దేశం వచ్చి నాలుగు గోడల మధ్య కూర్చుంటే మనసుకి బాగుంటుందా చెప్పండి?

దారి చూపించింది అక్కడి బౌద్ధాలయాలు. సియోల్ నడిబొడ్డున జోగ్యేసా అనే పెద్ద ఆలయం ఉంది. సువన్ నుంచి ఒకటో నంబరు రైలెక్కితే జోంగాక్ స్టేషన్లో దిగి నడిచి వెళ్ళొచ్చు. ఆ ఆలయానికి ఎదురుగానే, ఆ బౌద్ధ సంఘంవారే నడిపే బాల్వూ గోంగ్యాంగ్ అనే భోజనశాల ఉంది. అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి జాతి కూడా నిషిద్ధం. అవి తింటే మనసు చలిస్తుందని, ధ్యానానికి అడ్డమని సన్యాసుల నమ్మకం. మా అత్తగారు చిన్నప్పుడు వాళ్ళ బామ్మ దగ్గర విన్న మాటా అచ్చం ఇదే.

వాళ్ళు వద్దనే అయిదింటిలో వెల్లుల్లి, ఉల్లికాడలు, ఇంకో రెండు ఉల్లి జాతి ఆకులు. అయిదోది ఏమిటనుకున్నారు? మన ఇంగువ! ఆ సంగతి చెప్పగానే మా అత్తగారు చేతిలో చెంచా కింద పెట్టి, "ఇంగువ కూడానా? అయితే వీళ్ళు మనకన్నా మడి వాళ్ళే" అని ఒకటే నవ్వు. పెట్టెలో దాచుకున్న ఇంగువ డబ్బా గుర్తొచ్చి నాకూ నవ్వాగలేదు.

అక్కడ పలచని జావతో మొదలుపెట్టి తామర దుంప, పుట్టగొడుగులు, సోయా పన్నీరు, ఎండిన ఆకుకూరలు, చివర అన్నం, పులుసు వడ్డించారు. ఆ పులుసుకి రుచి సముద్రపు నాచు, పుట్టగొడుగుల నుంచి వస్తుంది. ఆవిడ కడుపునిండా తిన్నారు. ధర మాత్రం ఎక్కువే సుమా! ముందుగా చెప్పి ఉంచుకోవాలి కూడా. రోజూ వెళ్ళేది కాదు, ఒక్కసారికి పర్వాలేదు. షుగరు ఉన్నవాళ్ళు మాత్రం పాకంలో వేసి తీసిన తీపి పదార్థాలు వస్తాయి, అవి పక్కన పెట్టేయండి.

డబ్బు పెట్టకుండా కూడా ఈ భోజనం రుచి చూడొచ్చు. బుద్ధుడి పుట్టినరోజు వాళ్ళకి చాంద్రమానం నాలుగో నెల ఎనిమిదో రోజు. ఆ రోజు చాలా ఆలయాల్లో వచ్చినవాళ్ళకి కూరలన్నం ఉచితంగా పెడతారు, మన అన్నసంతర్పణలాగే. ఆలయాల్లో రాత్రి బస చేసే పద్ధతి కూడా ఉంది. 2002లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీలప్పుడు మొదలుపెట్టారట. సన్యాసులు నాలుగు గిన్నెల్లో వడ్డించుకుని, మెతుకు మిగలకుండా తిని, గిన్నెలు కడిగిన నీళ్ళు కూడా తాగేస్తారు! 17వ ఏట ఇల్లు వదిలి సన్యాసం వైపు వెళ్ళిన జంగ్ క్వాన్ అనే ఆవిడ బెక్యాంగ్‌సా ఆలయం దగ్గర చేసే వంట గురించి 2017లో నెట్‌ఫ్లిక్స్‌లో ఒక భాగం వచ్చింది. ఆవిడ ఏ వంట కాలేజీలోనూ చదవలేదు. ఈ ఆలయ భోజనాన్ని 2025 మేలో కొరియా ప్రభుత్వం జాతీయ వారసత్వంగా గుర్తించింది.

ఇదంతా చూస్తుంటే నాకు మన అనకాపల్లి పక్కన శంకరంలోని బొజ్జన్నకొండ గుర్తొచ్చింది. అక్కడా ఒకప్పుడు భిక్షువులే కదా ఉన్నది. ఏం వండుకునేవారో!

మేమున్న నవంబరులోనే వాళ్ళు చలికాలానికి కిమ్చీ పెట్టుకుంటారు. మనం వేసవిలో ఆవకాయ పెట్టినట్టే. ఇరుగుపొరుగు ఆడవాళ్ళంతా చేరి వందల కొద్దీ కేబేజీలు ఉప్పులో వేస్తారు. దీన్ని 2013లో యునెస్కో వాళ్ళు వారసత్వ జాబితాలో చేర్చారు. మా అమ్మాయి పక్కింటి పెద్దావిడ ఒక డబ్బా నిండా తెచ్చిచ్చారు. ప్రేమతో ఇచ్చింది వద్దంటే ఎంత నొప్పి! రొయ్యల సంగతి ఎలా చెప్పడం? "మా నాన్నమ్మ గుడిలో సన్యాసుల్లా తింటుంది" అని మా అమ్మాయి వాళ్ళ భాషలో చెప్పింది. ఆవిడ ఆహా అని నుదురు కొట్టుకుని, మర్నాడు ఉప్పులో ఊరిన కేబేజీకి మిరపపొడి, అల్లం, ముల్లంగి, సోయా పులుసు మాత్రం పట్టించి తెచ్చారు. మా అత్తగారు బదులుగా ఒక సీసా నిమ్మకాయ ఊరగాయ ఇచ్చారు. ఒకరి మాట ఒకరికి రాదు, అయినా అరగంట కబుర్లు చెప్పుకున్నారు.

కొరియా దాకా వెళ్ళే పని లేనివాళ్ళు మన రాష్ట్రంలోనే పెనుకొండ వైపు చూడండి. అక్కడ 2019లో కియా కార్ల కర్మాగారం మొదలయ్యాక కొరియా హోటళ్ళు కూడా వచ్చాయి. అట్ట మీద రాసుకున్న మాటలు అక్కడా పనికొస్తాయి.

ఇంట్లో చేసుకోవాలంటే ఆకుకూర నామూల్ తేలిక. ఒక కట్ట పాలకూర గానీ తోటకూర గానీ మరిగే నీళ్ళలో ఒక్క నిమిషం ఉంచి, చన్నీళ్ళలో వేసి గట్టిగా పిండేయండి. ఒక చెంచా సోయా సాస్, చిటికెడు ఉప్పు, దోరగా వేయించి నలిపిన నువ్వులు కలపండి. చివర నువ్వుల నూనె. అక్కడి నూనె వేయించిన నువ్వులతో తీస్తారు, వాసన ఘాటుగా ఉంటుంది కాబట్టి నాలుగు చుక్కలు చాలు. మన గానుగ నూనె అయితే ఒక చెంచా పోసుకోవచ్చు. వేడన్నంలోకి బాగుంటుంది. పొద్దున కలిపింది రాత్రికి నీరు వదిలేస్తుంది, ఏ పూటకాపూట చేసుకోండి.