మంట ఆరినా... మోత ఆగలేదు!

మొహానికి తెల్లరంగు, గొంతు చించుకునే కేకలు, రంపంలా కోసే గిటార్... బ్లాక్ మెటల్ అంటే అదే. ఇంగ్లండ్ బృందం వెనమ్ 1982లో తన ఆల్బమ్‌కి పెట్టుకున్న పేరే ఈ సంగీతానికీ స్థిరపడింది. నార్వే కుర్రాళ్లు కొందరు మాత్రం పాటతో ఆగలేదు. 1992లో బెర్గెన్‌లోని పన్నెండో శతాబ్దపు చెక్క చర్చిని బూడిద చేశారు. మరుసటేడాది మేహెమ్ గిటారిస్టు యూరోనిమస్‌ని తోటి సంగీతకారుడే పొడిచి చంపాడు.

చర్చిని మళ్లీ కట్టారు. పోయిన ప్రాణమే తిరిగి రాలేదు. మరి ఆ సంగీతం? అది బతికింది. 2011లో డిమ్ము బోర్గిర్ బృందం ఓస్లోలో నార్వే రేడియో ఆర్కెస్ట్రాతో కలిసి కచేరీ చేసింది. 2013లో అమెరికా బృందం డెఫ్‌హెవెన్ గులాబీరంగు అట్టతో ‘సన్‌బాదర్’ తెస్తే, ‘ఇదీ బ్లాక్ మెటలేనా?’ అంటూ అభిమానులు కొట్లాడుకున్నారు. చచ్చిపోయినదాని కోసం ఎవరూ అంతగా కొట్లాడుకోరుగా!